నాలుగు ఇసుక మూటలు

బురుల్ జీపు గేటు లోపలికి రాకముందే సాగిన్ చెయ్యి ఆగింది. గుంటలో నిలబడి, నెత్తిన ఉన్న ఎవరిదో బండికి సైలెన్సర్ బోల్టు బిగిస్తున్నాడతను. బయట డీజిల్ ఇంజను కాస్త దగ్గుతోంది. వెనక తలుపుకి తగిలించిన కెటిల్ గతుకు గతుక్కీ టంగుమంటోంది. ఈ నెలలో ఆ కెటిల్ చప్పుడు ఇక్కడ వినబడటం మూడోసారి.

"అక్క వచ్చింది," అన్నాడు ఉలార్ కంప్యూటర్ ముందునుంచి లేవకుండా. "మీకోసమే ఉస్తా."

సాగిన్ బోల్టుకి ఇంకో పావు తిప్పు ఇచ్చి, రెంచీ తుడిచి, మెట్లెక్కి పైకొచ్చాడు. వర్క్‌షాపు ఉలార్‌ది. వీల్ అలైన్‌మెంట్ మిషను ఉలార్‌ది. గోడమీద అద్దం బిగించి పెట్టుకున్న శిక్షణ కాయితం కూడా ఉలార్‌దే. రాజధానిలో నాలుగు రోజులు కూచుని వస్తే ఇచ్చారు. కారకోల్ చుట్టుపక్కల జీపులున్న ప్రతివాడూ బండి ఎత్తు చేయించుకోడానికి ఈ గేట్లోకే ఎందుకొస్తాడంటే, ఇరవై రెండేళ్ళుగా ఆ గుంటలో నిలబడ్డ మనిషి కోసం, అందరూ ఉస్తా అని పిలిచే పెద్దమేస్త్రీ కోసం. ఆ సంగతి ఏ కాయితం మీదా ఉండదు.

బురుల్ దిగింది. నలభైకి దగ్గర్లో ఉన్న మనిషి. తలకి పూల రుమాలు, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. తలుపు వెయ్యకుండానే మొదలెట్టింది.

"దిగుడులో మళ్ళీ అదే ఉస్తా. ముక్కు అటూ ఇటూ పోతోంది. నేను కొంచెం తిప్పితే అది ఇంకొంచెం పోతుంది. వెనక్కి లాక్కుంటే ఇటు పడుతుంది. తాగినోణ్ణి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళుతున్నట్టుంది."

"మిషన్ మీద పెడదాం అక్కా," అన్నాడు ఉలార్. "మనుషులు అబద్ధం చెప్తారు గానీ అది చెప్పదు."

జీపు మిషను పలకల మీదకి ఎక్కింది. సాగిన్ గోడవార ఉన్న ఇసుక మూటలు ఒక్కోటే భుజానికెత్తి దాని వెనక భాగంలో పేర్చాడు. మొత్తం నాలుగు. సరస్సు ఒడ్డు ఇసుక, ఒక్కోటి యాభై కిలోలు, రబ్బరు గుడ్డలో పోసి చెప్పులు కుట్టే దారంతో కుట్టినవి. ఇది అతని పద్ధతి. బండి ఎలా బతుకుతుందో అలాగే దాన్ని కొలవాలి అంటాడు. ఇక్కడ ఖాళీగా తిరిగే బండి ఎవరు చూశారు? పిండి బస్తాలు, గొర్రెలు, ఇనప పొయ్యిలు, వాటిమీద ఇద్దరు ముసలమ్మలు. ఖాళీ బండిని కొలిచి కాయితం చేతిలో పెట్టే షాపులవాళ్ళని చూస్తే అతనికి జాలేసేది. ఇప్పుడు వాళ్ళూ ఇసుక మూటలు కుట్టించుకున్నారు. ఫలానా సాగిన్ దగ్గర చూసి నేర్చుకున్నామని మాత్రం ఒక్కడూ అనడు.

ఉలార్ నాలుగు చక్రాలకీ అద్దాలు బిగించి, స్టీరింగ్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పించి, తెరవైపు చూశాడు. గీతలన్నీ పచ్చ. కాయితం జరజరా బయటికొచ్చింది.

"చూశారా, పచ్చ, పచ్చ, పచ్చ. బండికి జబ్బు లేదు. ఇంక మిగిలింది ఎవరో మీరే చెప్పండి." కాయితం ఆమె చేతికిస్తూ నవ్వాడు. "ఆ స్టీరింగ్‌ని రొట్టెపిండి పిసికినట్టు పిసక్కండి అక్కా."

టీ బల్ల దగ్గర కూచున్న డ్రైవర్లు నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు కుబాత్. అతనూ కోక్‌బేల్ కొండదారిలోనే జీపు నడుపుతాడు. సాగిన్‌కి కూడా నవ్వొచ్చింది. నవ్వి, మూటలు దించుతూ, "రెండు చేతులతో గట్టిగా పట్టుకో అమ్మాయ్. దాని వెంట నువ్వు పడకు," అన్నాడు.

"రెండు చేతులూ తీసినందుకేగా ఈ గోలంతా," అంది బురుల్.

అందరికీ తెలిసిన కథే. పోయిన వారం ఆమె జపార్ పెద్దాయన్ని కొండమీంచి కిందికి తీసుకొస్తోంది. దారిలో గోరీల పక్కనుంచి పోతూ, అందరు డ్రైవర్లూ చేసినట్టే, స్టీరింగ్ మీంచి చేతులు తీసి అరచేతులు మొహం మీదుగా దించుకుంది. పోయినవాళ్ళకి ఆ మాత్రం చెయ్యడానికి ఎవడూ బండి ఆపడు. ఆ రెండు క్షణాలూ బండి తనంతట తనే పోతుంది. బురుల్ బండి మాత్రం చేతులు గడ్డం దాటేలోపు కాలవలోకి దిగింది. పెద్దాయన నుదురు కిటికీ కమ్మీకి కొట్టుకుంది.

"శుక్రవారం పెద్దాయన వాకిట్లో అందరూ కూచుంటున్నారు," అంది బురుల్, ఎవర్నీ చూడకుండా. "ఈ వేసవికి మేత కోసం కొండెక్కే ఇళ్ళవాళ్ళందరికీ బండి ఎవరిదో తేలుస్తారు. నాది కాదంటే అది వాకిట్లో కోళ్ళకి గూడు."

"కోళ్ళకైతే చేతులుండవు, పిసికే బాధ లేదు," అన్నాడు కుబాత్.

ఆమె కాయితాన్ని నాలుగు మడతలు పెట్టింది. డ్యాష్‌బోర్డు అర తెరిచి, లోపలున్న ఇంకో రెండు నాలుగుమడతల కాయితాల మీద దాన్ని పెట్టి, మూత వేసి, బండి తీసుకుని వెళ్ళిపోయింది. కెటిల్ చప్పుడు సందు చివరిదాకా వినబడింది.

సాగిన్ మళ్ళీ గుంటలోకి దిగాడు. ఆ బండిని ఎత్తు చేసింది అతనే. ముందు రెండంగుళాల ఎత్తు స్ప్రింగులు, వెనకా అంతే. దానిపైన, బరువు వేసినప్పుడు బండి కుక్క కూచున్నట్టు కూలబడకుండా, వెనక స్ప్రింగుల కింద బొటనవేలు లావు రబ్బరు బిళ్ళలు. బ్రేకు గొట్టాలు పొడుగువి వేశాడు. ఎత్తు పెరిగితే ముందు ఇరుసు పక్కకి జరుగుతుందని అడ్డరాడ్డు మార్చి మధ్యకి తెచ్చాడు. ఎత్తు పెంచడంతో ముందు చక్రాలకి పోయిన వెనకవాలు మళ్ళీ రావడానికి ఇరుసు చేతుల్లో నడిమి రంధ్రం పక్కకి తొలిచిన బుష్‌లు కొట్టాడు. ఒక్కటి వదల్లేదు. వదలడు. చదివింది ఎనిమిదో తరగతి గానీ, చేతిలో పని మీద ఎవడూ వేలెత్తి చూపలేదు.

*

"నువ్వు ఎక్కి చూశావా?" అంది అతని భార్య సైరా.

సాయంత్రం తిండి దగ్గర మాట. సాగిన్ పాలటీలో రొట్టె ముంచుకుంటున్నాడు. ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది.

"దేన్ని?"

"బురుల్ జీపుని. దిగేటప్పుడు అలా పోతోందంటే, నువ్వు ఎక్కి దిగి చూశావా అని."

"ఎక్కేదేముంది? కొలిచాం. మూడుసార్లు కొలిచాం. పచ్చ."

సైరా కొళాయి దగ్గరికి పోయి గిన్నెలు కడుగుతూ అక్కణ్ణుంచే అంది: "చెప్పు కరుస్తోందంటే, నీ కాలి కొలతకే కుట్టా అన్నాడట చెప్పులాయన. కరిచేది ఆయన కాలిని కాదుగా."

"నీకు బండి గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలీదు. చెప్పు గురించి తెలుసు." గిన్నె బోర్లించింది. "మా చెల్లి వాళ్ళు బుధవారం కొండెక్కుతున్నారు. బురుల్ బండే మాట్లాడుకున్నారు. గుడారం నిలబెట్టడానికి ఒక మగాడు తక్కువయ్యాట్ట. నువ్వెళుతున్నావని చెప్పా."

"నేను వెళ్తానని ఎప్పుడన్నా?"

"ఇప్పుడు అంటున్నావుగా," అంది సైరా.

*

బుధవారం పొద్దున జీపు కంటికి కనపడనంత సామాను వేశారు. గుడారం ఉన్ని దుప్పట్లు చుట్టలు చుట్టి లోపల, కొయ్యబద్దలు పైన, పిండి బస్తాలు మూడు, ఇనప పొయ్యి, వెన్న చిలికే పీపా, వాటన్నిటి సందుల్లో సైరా చెల్లెలూ ఆవిడ అత్తగారూ. సాగిన్ ముందు సీట్లో కూచున్నాడు, ఒళ్ళో దీపపు చిమ్నీలు పెట్టుకుని.

బండి దారమంత తిన్నగా పోయింది. సాగిన్ అద్దంలోంచి రోడ్డు చూడ్డం మానేసి బురుల్ చేతులు చూశాడు. పిసకడం అన్నమాటే లేదు. మూడు వేళ్ళు స్టీరింగ్ మీద, అంతే. గతుకు వస్తే ఆ వేళ్ళు వదులయ్యేవి, బండి గతుకు దిగి తన దారి తను పట్టేది. మలుపుకి ముందే గేరు, మలుపులో కాలు బ్రేకు మీద లేదు. ఇలా నడిపేవాళ్ళని అతను తన జన్మలో ఇద్దర్ని చూశాడు. ఇద్దరూ ఇప్పుడు గోరీల్లో ఉన్నారు.

ఆ గోరీలు రానే వచ్చాయి. కొండవాలు మీద మట్టి గుమ్మటాలు, వాటి చుట్టూ తుప్పు పట్టిన కంచె. బురుల్ స్టీరింగ్ వదిలేసి రెండు అరచేతులూ మొహం మీదుగా దించుకుంది. వెనక ముసలావిడ ఏదో గొణిగింది. సాగిన్ చిమ్నీలు మోకాళ్ళ మధ్య బిగించి తనూ దించుకున్నాడు. బండి వెంట్రుకవాసి పక్కకి జరగలేదు.

"తిన్నగానే పోతోందిగా," అన్నాడు, గెలిచినవాడి గొంతుతో.

"ఎక్కేటప్పుడు ఎప్పుడూ తిన్నగానే పోతుంది," అంది బురుల్.

ఆ మాట అతని చెవిలో పడింది గానీ లోపలికి పోలేదు. చిమ్నీలు పగలకుండా చూసుకునే పనిలో ఉన్నాడు.

పైన గాలి చల్లగా, గడ్డి చీలమండల దాకా ఉంది. గుడారం చట్రం నిలబెట్టి, పైకప్పు చక్రాన్ని కర్రతో ఎత్తి పట్టుకునే పని సాగిన్‌కి పడింది. అందరూ బద్దలు దూరుస్తుంటే తల పైకెత్తి, చేతులు పైకెత్తి, అరగంట అలాగే నిలబడ్డాడు. గుంటలో ఇరవై రెండేళ్ళు నిలబడ్డ మెడ, దానికి ఇదొక లెక్కా. పని అయ్యాక జపార్ పెద్దాయన తన గుర్రాల కట్టు దగ్గర్నుంచి నడిచొచ్చాడు, చేతిలో పులిసిన గుర్రప్పాల గిన్నె. నుదుటిమీద దెబ్బ నీలం నుంచి పసుపులోకి తిరుగుతోంది.

"తాగు సాగిన్. నీ మెడకి మంచిది," అన్నాడు. బురుల్‌కి కూడా ఇంకో గిన్నె ఇచ్చాడు. మర్యాదలో ఏ లోటూ లేదు. "నేను శుక్రవారం కిందికి రావాలి. కుబాత్ వచ్చి తీసుకెళతానన్నాడు."

"నేను రానా పెద్దాయనా?" అంది బురుల్.

పెద్దాయన నుదురు తడుముకున్నాడు. "నువ్వు మంచిదానివేనమ్మా. బండి చెయ్యి దాటిపోతోంది, అంతే. అందులో తప్పేముంది? గుర్రమైనా అందరి మాటా వినదు."

ఆమె గిన్నె ఖాళీ చేసి, అంచు తుడిచి తిరిగి ఇచ్చింది.

*

దిగుడు మొదలైన మొదటి మలుపులోనే సాగిన్ వీపు నిటారయింది. బండిలో ఇప్పుడు ఇద్దరే మనుషులు, ఖాళీ కెటిలూ. వెనకంతా డొల్ల. బురుల్ మూడు వేళ్ళు పోయి, రెండు పిడికిళ్ళు వచ్చాయి. బండి ముక్కు కుడికి వాసన చూసింది, ఆమె లాక్కుంది, ఎడమకి వాసన చూసింది. బ్రేకు తొక్కితే ఇంకా ఎక్కువ. రోడ్డు బాగానే ఉంది. బండికే ఎటు పోవాలో తెలీనట్టుంది.

గోరీలు వచ్చాయి. సాగిన్ రెండు చేతులూ ఎత్తాడు. పక్కన బురుల్ ఒక్క చెయ్యే ఎత్తింది. కుడి అరచెయ్యి గబగబా మొహం మీదుగా దించి మళ్ళీ స్టీరింగ్ మీద వేసింది. తప్పు చేసి ఎవరూ చూడకుండా చెయ్యి దాచుకున్నట్టు.

"పొద్దున రెండు ఎత్తావు," అన్నాడు సాగిన్.

"ఎక్కేటప్పుడు రెండు. దిగేటప్పుడు ఒకటి," అంది. "మా నాన్న ఉన్నాడు అక్కడ. ఏమనుకుంటాడో."

"ఆపు."

"ఏమైంది?"

"బండి ఆపు అమ్మాయ్."

సాగిన్ దిగి రోడ్డు అవతలికి నడిచాడు. ఇరవై అడుగులు పోయి వెనక్కి తిరిగి చూశాడు. జీపు పిర్రలు పైకెత్తి, ముక్కు నేలకి పెట్టి నిలబడి ఉంది, వాగులో నీళ్ళు తాగే ఆవులాగా. దగ్గరికొచ్చి చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు దాకా జానతో కొలిచాడు. ముందు మూడు జానలు. వెనక మూడు జానలూ, పైన నాలుగు వేళ్ళు. మళ్ళీ కొలిచాడు. ఇంకో వేలు దొరికింది.

రోడ్డుపక్క రాయి ఉంటే దానిమీద కూచున్నాడు.

"ఉస్తా, ఒంట్లో బాలేదా?"

"రాళ్ళు ఏరు," అన్నాడు.

"ఏంటీ?"

"వాగులోంచి. బల్లపరుపువి. రెండు వందల కిలోలు కావాలి."

ఇద్దరూ వాగులోకి దిగి రాళ్ళు మోశారు. నీళ్ళు ఎముకల్లోకి దిగేంత చల్లగా ఉన్నాయి. బురుల్ రుమాలు నడుముకి కట్టుకుని, అతనికన్నా పెద్ద రాళ్ళే ఎత్తింది. జీపు వెనక భాగం మెల్లగా కిందికి దిగి నేలకి సమానమైంది. సాగిన్ జాన వేసి చూసి, తల ఊపి, "పద," అన్నాడు.

బండి రెండు మలుపులు దారంలా పోయింది. బురుల్ పిడికిళ్ళు వాటంతటవే విచ్చుకుని మూడు వేళ్ళయ్యాయి.

"ఆపు. రాళ్ళు పారెయ్."

పారేశారు. బండి మళ్ళీ వాసన చూడ్డం మొదలెట్టింది.

"అయితే నేను జీవితాంతం రాళ్ళేసుకు తిరగాలా?" అంది బురుల్.

"సైకిల్ తొక్కావుగా. ముందు చక్రం పట్టుకునే చీలిక వెనక్కి వాలి ఉంటుంది. అందుకే చేతులు వదిలినా తిన్నగా పోతుంది. దాన్ని నిటారుగా నిలబెట్టు, ఇంక దారి వెతుక్కుంటుంది. బండికీ ఆ వాలు ఉంటుంది. వెనక భాగం పైకి లేస్తే ముందు వాలు పోతుంది. దిగుడులో బ్రేకు తొక్కితే ముక్కు ఇంకా వంగి, ఉన్నది కూడా పోతుంది." ఆగాడు. వెనక ఖాళీ వైపు చూశాడు. "జూన్ నెలలో ఈ కొండ ఎక్కే ప్రతి బండీ నిండా సామానుతో ఎక్కుతుంది. దిగేటప్పుడు ఏముంటుంది?"

"కెటిల్," అంది బురుల్.

"నేను ఇసుక మూటలు వేసి కొలిచాను."

ఆమె రోడ్డు చూస్తూనే ఉంది. "మూడు కాయితాలు ఇచ్చారు మీరు," అంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది సాగిన్‌కి.

*

గురువారం పొద్దున ఉలార్ ఇంకా కోటు విప్పకముందే సాగిన్ జీపుని ఖాళీగా పలకల మీద ఎక్కించాడు. తెరమీద ముందు చక్రాల వాలు దగ్గర రెండు గడులు ఎర్రగా వచ్చాయి.

ఉలార్ చూశాడు, గేటు వైపు చూశాడు, గొంతు తగ్గించాడు. "సరే. బాగుచేద్దాం. మాట బయటికి పోనక్కర్లేదు ఉస్తా. బుష్ అరిగింది, మార్చాం అందాం. డబ్బు కూడా తీసుకోవద్దు."

"మొన్న కొట్టిన బుష్ అప్పుడే అరిగిందా?"

"ఆవిడకేం తెలుస్తుంది?"

"తెలిసింది ఆమెకొక్కదానికే," అన్నాడు సాగిన్. "ఇరవై రెండేళ్ళ నాకు తెలీలేదు, నాలుగు రోజుల నీకు తెలీలేదు."

"ఊరంతా మీ మూటలు చూసి కుట్టించుకున్నారు. ఇప్పుడు తప్పని చెప్తే మన పరువేం కావాలి? మీ పరువు ఏం కావాలి?"

ఆ ప్రశ్న సాగిన్ రాత్రే తనని తను అడుక్కున్నాడు. అయినా టీ బల్ల దగ్గరికి నడిచాడు. కుబాత్, ఇంకా ఇద్దరు డ్రైవర్లు పొద్దుటి టీలో ఉన్నారు. బురుల్ దూరంగా తిరగేసిన టైరు మీద కూచుని ఉంది.

"లేచి ఇటు రండి," అన్నాడు. "గ్లాసులతో సహా రండి."

వచ్చారు. తెర చూపించాడు. ఎరుపు. మూటలు ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ భుజానికెత్తి జీపులో వేశాడు. మళ్ళీ కొలవమన్నాడు. ఉలార్ మొహం మాడ్చుకునే కొలిచాడు. పచ్చ. మూటలు దించాడు. ఎరుపు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"పొద్దున్నే కసరత్తా ఉస్తా?" అన్నాడు కుబాత్.

"ఇది నా తెలివితక్కువ. బండి బరువుతో బతుకుతుందని మీ అందరికీ చెప్పాను. సగం దారి ఖాళీగా బతుకుతుందని నాకు తట్టలేదు. ఈ అమ్మాయి మూడుసార్లు వచ్చి చెప్పింది. నేను నవ్వాను. మీరూ నవ్వారు. ఆమె చేతుల్లో ఏ తప్పూ లేదు. నిన్న పక్కన కూచుని చూశాను. మీ ఎవరి చేతులూ అంత బాగా ఉండవు."

బురుల్ బూటు కొనతో నేలమీద నట్టొకటి దొర్లిస్తోంది. మిషను లోపల పంకా తిరుగుతున్న చప్పుడు.

డ్రైవర్లలో వయసుమళ్ళిన ఒకాయన టీ గ్లాసు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నాది కూడా... దిగేటప్పుడు కాస్త అలాగే ఉంటుంది," అన్నాడు.

"కాస్తంటే?"

"కాస్తంటే... కింద వంతెన వచ్చేదాకా మా ఆవిడతో మాట్లాడను."

"నువ్వు ఎప్పుడు మాట్లాడావు గనక," అన్నాడు మూడో అతను. "నాదీ అంతే," అని చేర్చాడు. "చలికి బేరింగులు బిగుసుకున్నాయేమో అనుకున్నా."

"జూన్‌లో చలేంటి?" అన్నాడు సాగిన్. "మరి చెప్పలేదేం ఒక్కరూ?"

"ఏమని చెప్పాలి? చెప్తే ఏమంటారో మొన్న విన్నాంగా," అన్నాడు ముసలాయన. కుబాత్ వైపు ఒకసారి చూశాడు.

కుబాత్ టీ గ్లాసు అడుగున ఏదో పడినట్టు చూస్తూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. అందరూ అతని కోసమే ఆగారని తెలిసి, గ్లాసు కిందపెట్టాడు.

"గోరీల దగ్గర నేను ఒక చెయ్యే ఎత్తుతున్నా," అన్నాడు. "పోయినేడాది నుంచీ."

బురుల్ బూటు కింద నట్టు ఆగిపోయింది. ఆమె నవ్వుతుందనుకున్నాడు సాగిన్. నవ్వలేదు. "నేను ఈ నెల నుంచే," అంది. అంతే.

కుబాత్ జేబులోంచి తాళాలు తీసి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "రేపు పెద్దాయన్ని నువ్వే తీసుకురా," అన్నాడు. "నా బండి ఇక్కడ పలకల మీద ఉంటుంది."

ఆ రోజు టీ తాగడానికి కూడా సాగిన్ గుంటలోంచి బయటికి రాలేదు. ముందు ఇరుసు చేతులు విప్పి, పాత బుష్‌లు ప్రెస్సులో నొక్కి బయటికి తీశాడు. ఇంకా ఎక్కువ పక్కకి తొలిచినవి వెతికి, సుద్దముక్కతో గీత గీసి, గీత వెనక్కి ఉండేలా తిప్పి, నూనె రాసి నొక్కాడు. ఒకటి వెంట్రుకవాసి తిరిగింది. తీసి మళ్ళీ నొక్కాడు. వెనక స్ప్రింగుల కింద తను పెట్టిన రబ్బరు బిళ్ళలు తనే పీకి మూలకి విసిరాడు. వెనక ఇరుసుకీ చట్రానికీ మధ్య ఉండే బ్రేకు కడ్డీని కొత్త ఎత్తుకి సరిచేశాడు. లేకపోతే బండి ఎంత బరువుందో దానికి తెలీక వెనక చక్రాలు సరిగ్గా ఆగవు.

"బిళ్ళలు తీశాను. బరువు వేస్తే వెనక కాస్త కూలబడుతుంది," అన్నాడు బురుల్‌తో. "చూసేవాళ్ళకి బాగోదు. హెడ్‌లైట్లు కిందికి దించాను, లేకపోతే నక్షత్రాలకి వెలుగు చూపిస్తాయి."

"నేను చీకటి పడేదాకా కొండమీద ఉండను. చూసేవాళ్ళు చూడనీండి," అంది.

ఖాళీగా కొలిచారు. పచ్చ. మూటలతో కొలిచారు. పచ్చ, కాకపోతే అంచుకి దగ్గరగా. ఉలార్ రెండు కాయితాలు తీసి, ఎవరూ అడక్కుండానే ఒకదాని మీద 'ఖాళీ' అని, రెండోదాని మీద 'బరువు' అని పెన్నుతో రాశాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి. "ఇకనుంచి రెండూ ఇద్దాం ఉస్తా," అన్నాడు. తన కొత్త ఆలోచనే అన్నట్టు అన్నాడు. సాగిన్ ఊరుకున్నాడు. కొన్ని ఊరుకోవచ్చు.

*

శుక్రవారం బురుల్ పొద్దున్నే సాగిన్ ఇంటిముందు హారన్ కొట్టింది. అతను వస్తానని చెప్పలేదు. సైరా మాత్రం రొట్టెల మూట కట్టి గుమ్మంలో పెట్టి ఉంచింది.

కొండమీద జపార్ పెద్దాయన జీపు చుట్టూ ఒకసారి నడిచాడు. టైరుని బూటుతో తన్నాడు. వెనక సీట్లో కూచుని, కిటికీ కమ్మీకి తన టోపీ మడిచి అడ్డం పెట్టాడు.

"కుబాత్ ఏడీ?"

"అతని బండి గుంటలో ఉంది పెద్దాయనా," అన్నాడు సాగిన్ ముందు సీట్లోంచి. "ఆ దెబ్బ మీకు తగిలించింది నేను. ఈమె కాదు. కిందికి పోయాక మీ వాకిట్లో అందరి ముందూ చెప్తాను."

"వాకిట్లో నువ్వు చెప్పేది తర్వాత సంగతి. ముందు వాకిలి దాకా చేరనీ," అన్నాడు పెద్దాయన. టోపీని ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

బండి దిగుడు పట్టింది. లోపల ముగ్గురు మనుషులు, ఒక రొట్టెల మూట, కెటిల్. సాగిన్ రోడ్డు చూడలేదు. ఆమె వేళ్ళు చూశాడు. మొదటి మలుపులో పది వేళ్ళూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. మూడో మలుపుకి ఆరు. బ్రేకు తొక్కింది. ముక్కు వంగింది, వాసన చూడలేదు. ఐదో మలుపు దాటాక మూడు వేళ్ళు. వెనకనుంచి పెద్దాయన తన గుర్రం ఒకటి మొన్న ఈనిన సంగతి మొదలెట్టాడు. పిల్లకి నుదుట తెల్ల మచ్చ ఉందిట. మాట మధ్యలో ఎప్పుడో టోపీ కమ్మీ మీంచి జారి ఒళ్ళో పడింది. ఆయన చూసుకోలేదు.

దూరంగా మట్టి గుమ్మటాలు కనబడ్డాయి. పెద్దాయన మాట ఆగింది.

బురుల్ గేరు మార్చింది. కంచె మొదలైంది. ఆమె ముందు ఒక చెయ్యి తీసింది. అది ఒక క్షణం గాల్లో ఆగింది. తర్వాత రెండోది కూడా తీసింది. రెండు అరచేతులూ కలిపి ఎత్తి, తొందరపడకుండా, నుదుటిమీంచి గడ్డం దాకా దించుకుంది. వెనక పెద్దాయన గొంతు ఎవరి పేరో మెల్లగా చెప్పుకుంది. స్టీరింగ్ మీద ఎవరి చెయ్యీ లేదు. గతుక్కి అది కొంచెం వణికి, మళ్ళీ తన చోటికి తను వచ్చి నిలబడింది. జీపు కంచె పొడుగునా, తవ్విన కాలవ పక్కనే, అలాగే తిన్నగా పోయింది.

సాగిన్ ఆ ఖాళీ స్టీరింగ్‌నే చూస్తూ కూచున్నాడు. కంచె అయిపోవస్తోంది.

"ఉస్తా," అంది బురుల్, చేతులు తిరిగి స్టీరింగ్ మీద వేస్తూ. "మీ చేతులేవి?"

అతను ఒళ్ళోకి చూసుకున్నాడు. రెండూ సీటు అంచుని బిగించి పట్టుకుని ఉన్నాయి, గోళ్ళ కింద గ్రీజుతో. ఒక్కో వేలే విడదీసుకుని, ఎత్తి, ఆఖరి గుమ్మటం దాటిపోయేలోపు మొహం మీదుగా దించుకున్నాడు.